భయానికి బీమా

మనం ప్రాణానికి బీమా చేస్తాం, ఇంటికి చేస్తాం, కారుకి చేస్తాం. మెడలో నగలకి కూడా చేయించే జాగ్రత్తపరులున్నారు. కాని సినిమా చూస్తూ భయంతో గుండె ఆగిపోతే మీవాళ్ళకి 1000 డాలర్లు ఇస్తామని, టిక్కెట్టుతోబాటు బీమా కాగితం చేతిలో పెట్టిన మనిషి సంగతి ఎప్పుడైనా విన్నారా?

1958లో అమెరికాలో నిజంగానే ఇది జరిగింది. ఆ కాగితం ఉత్తుత్తిదేం కాదు. లండన్‌లోని లాయిడ్స్ వారి దగ్గర చేయించిన బీమా. షరతులు కూడా వున్నాయి. ముందునుంచే గుండెజబ్బు వున్నవాళ్ళకి ఇది వర్తించదు. సినిమా నడుస్తుండగా ఎవరైనా ఆత్మహత్య చేసుకుంటే వాళ్ళకీ వర్తించదు. ఈ రెండో షరతు చదివినప్పుడు, సినిమా ఎలా వుంటుందో లాయిడ్స్ వారికి ముందే కాస్త అనుమానం వచ్చిందేమోనని నాకు నవ్వొచ్చింది.

ఆ సినిమా పేరు 'మకాబర్'. హాలు బయట శవాలను తీసుకువెళ్ళే పొడుగాటి నల్లకారు ఆగి వుండేది. లోపలికి వెళ్ళగానే తెల్లబట్టల్లో నర్సులు. స్పృహ తప్పినవాళ్ళని చూసుకోవడానికట! ఆ సినిమా తీసినాయనే కొన్ని చోట్ల ఆ నల్లకారులో దిగి, శవపేటిక మూత తీసుకుని బయటికి వచ్చేవాడు. నోట్లో లావుపాటి చుట్ట, మొహం నిండా నవ్వు. ఆయన పేరు విలియం కాసిల్. సినిమా చూసి ఒక్కరూ చావలేదు. లాయిడ్స్ వారి సొమ్ము లాయిడ్స్ వారి దగ్గరే వుంది.

నాకు దయ్యాల సినిమాలంటే సరదా. సరదాయే గాని, సగం సినిమా వేళ్ళ సందుల్లోంచే చూస్తాను. కాసిల్ సినిమాలు మాత్రం కళ్ళు పూర్తిగా తెరుచుకునే చూడగలిగాను. అంటే, భయం వెయ్యలేదన్నమాట. భయపెట్టలేని భయానక చిత్రాల దర్శకుణ్ణి గురించి ఇంత రాయడం దేనికీ అంటారా? ఆయన జీవితంలో నన్ను పట్టుకున్న విషయం ఒకటుంది. ఆయనకి జనం దొరికారు. డబ్బు దొరికింది. "ఇతను మంచి దర్శకుడు" అనే ఒక్కమాట కోసం మాత్రం చివరిదాకా ఎదురుచూశాడు. ఆ మాట రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. రెండుసార్లూ ఒకేలాగ జారిపోయింది.

ఆయన అసలు పేరు విలియం ష్లాస్. 1914 ఏప్రిల్ 24న న్యూయార్కులో ఒక యూదుల ఇంట్లో పుట్టాడు. ష్లాస్ అంటే జర్మన్ భాషలో కోట. ఇంగ్లీషులో కాసిల్ అన్నా కోటే. ఇంటిపేరుని అనువాదం చేసుకున్నాడంతే. పదకొండేళ్ళు వచ్చేసరికే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. అక్క దగ్గర పెరిగాడు. పదమూడేళ్ళప్పుడు బ్రాడ్వేలో బేలా లుగోసి వేసిన 'డ్రాకులా' నాటకం చూశాడు. ఒకసారి చూసి ఊరుకోలేదు, మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు. లుగోసిని కలుసుకుని పరిచయం చేసుకున్నాడు. ఆయన సిఫార్సుతోనే, చదువుకి స్వస్తి చెప్పి, ఊరూరా తిరిగే ఆ నాటకం కంపెనీలో సహాయకుడుగా చేరాడు. ఇదంతా ఆయన ఆత్మకథలో చెప్పుకున్నది.

నిజమైన భయాలు చిన్నతనంలోనే చూసేసిన పిల్లవాడికి, దీపాలు వెలిగించగానే పారిపోయే భయం ముద్దొచ్చి వుంటుంది. ఇది నా ఊహ మాత్రమే.

ఆత్మకథలోనే ఇంకో ఉదంతం వుంది. అది చదివి నవ్వాలో, ఛీ అనాలో తెలియదు. 1939లో ఆయన కనెక్టికట్‌లో స్టోనీ క్రీక్ అనేచోట, ఆర్సన్ వెల్స్ చేతిలో వున్న నాటకశాలను అద్దెకి తీసుకుని నాటకాలు వేస్తున్నాడు. ఆయన నాటకంలో నాయిక ఒక జర్మన్ నటి. హిట్లరు ప్రభుత్వం ఆమెని జర్మనీకి రమ్మని పిలిచింది. ఆమె వెళ్ళనంది. ఇంకేం, కాసిల్ ఆమెని "హిట్లరుని కాదన్న పిల్ల" అని పత్రికలకెక్కించాడు. అంతటితో ఆగితే బాగుండును. ఒకరాత్రి తానే రహస్యంగా వెళ్ళి, తన నాటకశాలనే ధ్వంసం చేసి, గోడల మీద నాజీల స్వస్తిక గుర్తులు పూసి వచ్చాడు! మర్నాడు ఊరంతా గగ్గోలు, టిక్కెట్లకి గిరాకీ. తను పుట్టిన జాతివాళ్ళ మీద అవతల ఖండంలో ఏం జరుగుతోందో అతనికి తెలియక కాదు. తెలిసీ దాన్ని పోస్టరుగా వాడుకున్నాడు. కాసిల్‌ని ఎంత ఇష్టపడ్డా, ఈ ఒక్కటీ నాకు మింగుడుపడదు.

ఇక్కడ ఒక మాట అర్థం చెప్పాలి. 'ఎక్స్‌ప్లాయిటేషన్' అంటే మనకి దోపిడీ అనే తెలుసు. హాలీవుడ్‌వాళ్ళ వాడుకలో మొదట దాని అర్థం వేరు. సినిమా ఊళ్ళోకి వచ్చినప్పుడు జనాన్ని హాలుకి రప్పించడానికి చేసే హడావుడినంతా అలా అనేవాళ్ళు. రిక్షాకి మైకు కట్టి, రంగు కాగితాలు ఎగరేస్తూ వీధివీధీ తిరగడం మనకీ తెలిసినదే కదా. అయితే కొందరు నిర్మాతలకి హడావుడే ముఖ్యమై, సినిమా దానికి ఒక సాకుగా మిగిలింది. పెద్ద స్టూడియోలు ముట్టుకోని విషయమేదో పట్టుకోవడం, చౌకగా చుట్టెయ్యడం, నీతిబోధ ముసుగు వెయ్యడం, గట్టిగా డప్పు కొట్టడం. ఆ రకం సినిమాలకే ఆ పేరు స్థిరపడిపోయింది.

వాటిలో రాజులాంటిది 1945లో వచ్చిన 'మామ్ అండ్ డాడ్'. అమ్మా నాన్నా అన్నమాట. పేరు విని కుటుంబగాథ అనుకునేరు! పెళ్ళికాని పిల్ల గర్భవతి కావడం కథ. అందులో అసలు ప్రసవమే చూపించారు. క్రోగర్ బాబ్ అనే ఘనుడు దాన్ని అమ్మిన తీరు చూడండి. ఆడవాళ్ళకి వేరే ఆట, మగవాళ్ళకి వేరే ఆట. మధ్యలో సినిమా ఆపి ఎలియట్ ఫోర్బ్స్ అనే ఆరోగ్య నిపుణుడు లేచి ఉపన్యాసం ఇచ్చేవాడు. నర్సు దుస్తుల్లో వున్న అమ్మాయిలు ఆరోగ్య పుస్తకాలు అమ్మేవాళ్ళు. తమాషా ఏమిటంటే, ఒకేరోజున ఎన్నో ఊళ్ళలో ఎందరో ఎలియట్ ఫోర్బ్సులు ఉపన్యాసాలిస్తుండేవాళ్ళు. అలాంటి మనిషే లేడు! అయినా ఒకటి ఒప్పుకోవాలి. తల్లి చెప్పని సంగతులు, బడిలో చెప్పని సంగతులు ఆ చీకటిహాల్లో మొదటిసారి తెలుసుకున్న ఆడపిల్లలు కూడా ఎంతోమంది వుండి వుంటారు.

పదమూడేళ్ళ తర్వాత 'మకాబర్' హాల్లో కూచున్న నర్సులు ఈ నర్సుల అక్కచెల్లెళ్ళే. కాసిల్‌కి ఈ ఆర్భాటమంటే ప్రాణం. ఆయన దాంట్లోంచి బూతుని తీసేసి, దయ్యాలను పెట్టి, చిన్నపిల్లలకి అమ్మాడు.

అలాగని ఆయనకి పని రాదనుకోకండి. కొలంబియా స్టూడియోలో చేరి, 1943 నుంచి చిన్నచిన్న సినిమాలకి దర్శకత్వం వహించాడు. 1944లో మోనోగ్రామ్ అనే చిన్న సంస్థకి 'వెన్ స్ట్రేంజర్స్ మ్యారీ' తీశాడు. ముక్కూ మొహం సరిగా తెలియని మనిషిని పెళ్ళాడిన అమ్మాయి, భర్తను వెతుక్కుంటూ న్యూయార్కు వస్తుంది. అతను హంతకుడేమోనని అనుమానం మొదలవుతుంది. కిమ్ హంటర్, అప్పటికింకా పేరు రాని రాబర్ట్ మిచమ్ నటించారు. గదిలో ఒంటరిగా వున్న ఆ పిల్ల మొహం మీద బయటి వీధి దీపాల వెలుగు పడుతూ ఆరుతూ వుంటుంది. నేను చూసిన కాసిల్ సినిమాలన్నిటిలోకీ కాస్తయినా గుండె దడదడలాడింది ఇక్కడే. దీనికి బీమా లేదు, నర్సులు లేరు. జేమ్స్ ఏజీ వంటి విమర్శకుడు మెచ్చుకున్నాడు. ఆర్సన్ వెల్స్ మెచ్చుకున్నాడు.

ఆ మెప్పే కొంప ముంచిందనిపిస్తుంది నాకు. కాసిల్ ఒక నేరకథా నవల హక్కులు కొని, తాను డైరెక్ట్ చెయ్యాలన్న ఆశతో దాన్ని వెల్స్ చేతికిచ్చి, కొలంబియా అధిపతి హ్యారీ కోన్‌తో మాట్లాడమన్నాడు. వెల్స్ మాట్లాడాడు. తీరా చూస్తే దర్శకుడు వెల్స్, కథానాయకుడు వెల్స్, పక్కన రీటా హేవర్త్. కాసిల్‌కి దక్కింది సహనిర్మాత హోదా. అదే 1947లో వచ్చిన 'ది లేడీ ఫ్రమ్ షాంఘై'. ఇవాళ దాన్ని గొప్ప చిత్రాల్లో లెక్కిస్తారు. అందులో అద్దాల గదిలో కాల్పుల దృశ్యం సినిమా విద్యార్థులకి పాఠం. పుస్తకాన్ని పసిగట్టిన ముక్కు మాత్రం కాసిల్‌ది. ఇది మొదటిసారి.

ఆ తర్వాత పదేళ్ళు చెప్పుకోవలసిందేం లేదు. కౌబాయ్ కథలు, కత్తియుద్ధాలు, ఏది ఇస్తే అది తీశాడు.

మలుపు ఒక ఫ్రెంచి సినిమాతో వచ్చింది. క్లూజో తీసిన 'లే దియాబోలిక్' (1955) ఆడుతున్న హాలు ముందు, వానలో తడుస్తూ కుర్రకారు బారులు తీరి నిలబడటం చూశాడట. వానలో తడిసైనా సరే డబ్బిచ్చి భయం కొనుక్కునేవాళ్ళున్నారని తెలిసిపోయింది. స్టూడియోల చుట్టూ తిరగడం మానేసి, తన ఇల్లు తాకట్టు పెట్టి 'మకాబర్' మొదలుపెట్టాడు. భార్య ఎలెన్ ఏమనుకునివుంటుందో ఆలోచించండి. మన ఇళ్ళల్లో మగవాడు సినిమా తీస్తానని ఇల్లు తాకట్టు పెడితే ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. సినిమా పూర్తయ్యాక చూసుకుంటే సామాన్యంగా వుంది. దీన్ని ఎవరు చూస్తారన్న గుబులులోంచి పుట్టిందే ఆ బీమా. ఇల్లు దక్కింది. పెట్టిందానికి ఎన్నో రెట్లు వచ్చింది.

అక్కణ్ణుంచి సినిమాకో గారడీ. 1959లో 'హౌస్ ఆన్ హాంటెడ్ హిల్'. రాత్రంతా ఆ దయ్యాల ఇంట్లో గడిపితే తలకి 10,000 డాలర్లు ఇస్తానని ఐదుగుర్ని పిలుస్తాడు విన్సెంట్ ప్రైస్. తెరమీద అస్థిపంజరం లేవగానే, హాల్లో ప్రేక్షకుల నెత్తిమీద తీగె వెంబడి నిజంగానే ఒక ప్లాస్టిక్ అస్థిపంజరం జర్రున వచ్చేది. దీనికి 'ఎమర్గో' అని శాస్త్రీయమైన పేరొకటి. కొద్దిరోజుల్లోనే పిల్లలకి సంగతి తెలిసిపోయింది. అస్థిపంజరం వచ్చే సమయానికి జేబుల్లో సామగ్రితో సిద్ధంగా వుండి, పాప్‌కార్న్ డబ్బాలతో, ఉండేళ్ళతో దాన్ని ఎడాపెడా కొట్టేవాళ్ళు. భయపడటానికి వచ్చినవాళ్ళు దయ్యాన్నే తరిమికొట్టారు!

అదే ఏడాది 'ది టింగ్లర్'. దీని దగ్గర కాస్త ఆగుతాను. భయం కలిగినప్పుడు మనిషి వెన్నెముకని పట్టుకుని ఒక పురుగు పెరుగుతుందనీ, అరిస్తే అది నీరసించిపోతుందనీ, అరవకపోతే వెన్ను విరిచి చంపేస్తుందనీ కథ. హాల్లో కొన్ని సీట్ల కింద చిన్న మోటార్లు బిగించారు. చివర్లో ఆ పురుగు సినిమాలోని సినిమాహాల్లోకే తప్పించుకుంటుంది. తెర చీకటైపోతుంది. ప్రాణం దక్కాలంటే గట్టిగా అరవండి అని చీకట్లో విన్సెంట్ ప్రైస్ గొంతు. సరిగ్గా అప్పుడు కింద మోటారు గుర్రుమంటుంది. హాలంతా కేకలు.

నేను చూసింది ఇంట్లో, మెత్తటి కుర్చీలో. కింద మోటారు లేదు. పక్కన అరిచేవాళ్ళు లేరు. పురుగు రబ్బరుదని, దాన్ని లాగే తీగె కూడా కనిపిస్తుందని తెలిసిపోయింది. తీసినవాడు ఓపిక లేనివాడని అడుగడుగునా తెలుస్తుంది. పాత్రలు నిలబడి ఒకళ్ళకొకళ్ళు విషయాలు వివరించుకుంటూ వుంటాయి, ట్యూషన్ మేష్టర్లలాగ. కాని మధ్యలో ఒక దృశ్యం వుంది. సినిమాహాలు నడుపుతున్న ఒకామె చెవిటిది, మూగది. జుడిత్ ఎవెలిన్ వేసింది. ఆమెని ఇంట్లో ఒంటరిగా చేసి, ఒకదాని తర్వాత ఒకటిగా భయంకరమైనవి చూపిస్తారు. సినిమా అంతా నలుపూ తెలుపూ. స్నానాలగదిలో కొళాయి తిప్పితే మాత్రం ఎర్రగా నెత్తురు. తొట్టినిండా నెత్తురు, అందులోంచి లేచే చెయ్యి. ఆమె నోరు తెరుస్తుంది. కేక రాదు. అరవలేదు గనక చచ్చిపోతుంది. చేయించినవాడు ఎవడయ్యా అంటే, కట్టుకున్న మొగుడే.

ఈ ఊహ రచయిత రాబ్ వైట్ కలంలోంచి వచ్చిందో, కాసిల్ బుర్రలోంచి వచ్చిందో గాని, పెద్దపెద్ద దర్శకులకి తట్టనిది. ఆ రంగు ఎలా తెచ్చారో తెలుసా? ఆ దృశ్యం ఒక్కటీ కలర్ ఫిల్ముమీదే తీశారు. గదికి నలుపూ తెలుపూ బూడిదా రంగులేశారు. ఆమె మొహానికీ చేతులకీ కూడా బూడిదరంగు మేకప్ వేశారు. ఎరుపు ఒక్కటే అసలుది. చేతిలో డబ్బు లేనివాడి తెలివి అది. అలాంటి తెలివి మన వంటింట్లో రోజూ చూస్తాం గనక నాకు వెంటనే నచ్చింది.

మరొకటి గమనించారా? 'హాంటెడ్ హిల్'లో భార్యాభర్తలు ఒకరినొకరు చంపుకోవడానికి పన్నాగాలు పన్నుతారు. 'టింగ్లర్'లో మొగుడు పెళ్ళాన్ని చంపుతాడు, డాక్టరుగారి భార్య డాక్టరుగారిని చంపబోతుంది. అస్థిపంజరం కూడా చివరికి అస్థిపంజరం కాదు, చాటున మొగుడుగారు చక్రం తిప్పి ఆడిస్తున్న బొమ్మ. కాసిల్ లోకంలో దయ్యాలు పెద్దగా హాని చెయ్యవు. భయమంతా పక్కన పడుకున్న మనిషితోనే. ఇంటిదగ్గర మాత్రం ఆయన ఎలెన్‌తో చివరిదాకా సుఖంగా కాపురం చేశాడు.

మిగతా గారడీలు గబగబా చెప్పేస్తాను. 1960లో 'థర్టీన్ గోస్ట్స్'కి ఎరుపూ నీలం అద్దం పేపర్లు అతికించిన అట్టముక్క ఇచ్చారు. ఒక రంగులోంచి చూస్తే దయ్యం కనిపిస్తుంది, రెండోదాంట్లోంచి చూస్తే మాయమవుతుంది. 1961లో 'మిస్టర్ సార్డోనికస్'కి, దుర్మార్గుణ్ణి శిక్షించాలో వదిలెయ్యాలో ప్రేక్షకులే ఓటు వెయ్యాలన్నారు. కాసిల్ తెరమీదికొచ్చి ఓట్లు లెక్కపెడుతున్నట్టు నటించి, శిక్షే గెలిచిందనేవాడు. దయ చూపించే ముగింపు కూడా తీశానని ఆయన చెప్పుకున్నాడు గాని, దాన్ని చూసినవాళ్ళు లేరు. మనుషుల గురించి ఆయనకెంత నమ్మకమో!

'హొమిసైడల్' (1961) సంగతి వేరు. ఏడాది ముందు హిచ్‌కాక్ 'సైకో' తీశాడు. చవకగా తీసిన కాసిల్ సినిమాలు విరగబడి ఆడటం హిచ్‌కాక్ గమనించాడని చాలామంది రాశారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళని హాల్లోకి రానివ్వొద్దన్న ఆయన నియమంలో కూడా కాసిల్ వాసన కొడుతుంది. కాసిల్ వెంటనే 'సైకో'ని చూసి 'హొమిసైడల్' తీశాడు. ఎవరు ఎవరిని కాపీ కొట్టారో వాళ్ళకే తెలియాలి. ఇందులో పతాకఘట్టానికి ముందు తెరమీద గడియారం వచ్చి 45 సెకన్లు విరామం. భయంవేసినవాళ్ళు లేచి వెళ్ళిపోవచ్చు, డబ్బు వాపసు. అయితే ఊరికే కాదు. పసుపురంగు అడుగుల గుర్తుల వెంట, పసుపు వెలుగులో, అందరూ చూస్తుండగా 'పిరికివాళ్ళ మూల' దాకా నడవాలి. అక్కడ నర్సు రక్తపోటు చూస్తుంది. నేను పిరికివాణ్ణని సర్టిఫికెట్టు పుచ్చుకోవాలి. అంత అవమానం పడేకంటే భయపడటమే నయమని జనం కూచున్నారు.

ఆ హాళ్ళల్లో అరిచిన పిల్లల్లో బాల్టిమోరుకి చెందిన జాన్ వాటర్స్ ఒకడు. తర్వాత తనే దర్శకుడై, 1981లో 'పాలియెస్టర్' సినిమాకి గోకితే వాసనలొచ్చే కార్డులు పంచిపెట్టాడు. 1993లో జో డాంటే తీసిన 'మ్యాటినీ'లో జాన్ గుడ్‌మన్ వేసిన పాత్రకి కాసిలే నమూనా. కాసిల్‌ని విమర్శకుల కంటే పిల్లలే ముందు గుర్తుపట్టారు. పెద్దవాళ్ళయ్యాక కూడా మర్చిపోలేదు.

1964లో జోన్ క్రాఫోర్డుతో 'స్ట్రెయిట్-జాకెట్' తీశాడు. వయసు మళ్ళిన నాయికలకి హాలీవుడ్ తల్లివేషాలు కూడా దండగ అనుకుంటున్న రోజుల్లో, క్రాఫోర్డుకీ, బార్బరా స్టాన్విక్‌కీ ప్రధాన పాత్రలిచ్చాడు. గొడ్డలి చేతికిచ్చి ఇస్తే ఇచ్చాడనుకోండి! హాళ్ళల్లో అట్టగొడ్డళ్ళు పంచారు. సినిమా చివర, దివిటీ పట్టుకుని నిలబడే కొలంబియా బొమ్మలోని ఆవిడకి కూడా తల తీసి కాళ్ళ దగ్గర పెట్టాడు. తన పాత యజమాని కంపెనీతో పరాచికం.

యాభయ్యేళ్ళు దాటాయి. అప్పుడు అచ్చుకి వెళ్ళబోతున్న ఒక నవల ఆయన చేతికొచ్చింది. ఐరా లెవిన్ రాసిన 'రోజ్‌మేరీస్ బేబీ'. కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి గర్భవతి అవుతుంది. పక్కింటి ముసలావిడ రోజూ ఏదో కషాయం తెచ్చి తాగమంటుంది. నొప్పి అంటే డాక్టరు మామూలేనంటాడు. అనుమానం అంటే మొగుడు నీ భ్రమ అంటాడు. కడుపుతో వున్న ఆడదానికి అందరూ సలహాలిచ్చేవాళ్ళే, ఆమె మాట వినేవాళ్ళు మాత్రం ఒక్కరూ వుండరు. చివరికి తేలేదేమిటంటే, నటుడిగా పైకి రావడం కోసం ఆమె గర్భాన్నే మొగుడు సాతాను భక్తులకి బేరం పెట్టేశాడు. ఇందులో తీగెలు లేవు, రబ్బరు లేదు. పక్కన పడుకున్న మనిషే భయం. పదేళ్ళుగా తాను తీస్తున్న కథే, కాని ఎవరో నిజంగా రాశారు. కాసిల్ ఆ హక్కులు కొన్నాడు. ఈసారి గారడీలు లేకుండా తీస్తానని, తనని దర్శకుడనక తప్పదని ఆయన ఆశ.

పారమౌంట్ స్టూడియో పెద్ద రాబర్ట్ ఎవాన్స్ సినిమా తీస్తామన్నాడు. ఒక షరతు. నిర్మాత కాసిల్, దర్శకుడు మాత్రం పోలండ్ నుంచి వచ్చిన కుర్రాడు రోమన్ పొలాన్‌స్కీ. ఇరవయ్యేళ్ళ కిందటి షాంఘై కథ మళ్ళీ! మొదటి కలయికలో పొలాన్‌స్కీ వాలకం కాసిల్‌కి ఏమాత్రం నచ్చలేదు. కాని కథ గురించి మాట్లాడుకునే కొద్దీ, ఈ కుర్రాడికి పుస్తకం అర్థమైందని గ్రహించి ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోవడం దగ్గరే నాకు కాసిల్ మీద గౌరవం. పొలాన్‌స్కీ తర్వాత 1977లో ఒక మైనరు బాలిక విషయంలో నేరం ఒప్పుకుని, శిక్షకి ముందు దేశం విడిచి పారిపోయాడు. అది నేను మరిచిపోయి రాయడం లేదు. సినిమా మాత్రం చాలా గొప్పగా తీశాడు.

కాసిలే తీసివుంటే? నిజం చెప్పాలంటే, పాడుచేసేవాడు. సినిమా చివర ఉయ్యాలలో వున్న బిడ్డని పొలాన్‌స్కీ మనకి చూపించడు, తల్లి కళ్ళే చూపిస్తాడు. అయినా బిడ్డని మేం చూశామని వాదించిన ప్రేక్షకులున్నారు. కాసిల్ అయితే చూపించకుండా ఊరుకునేవాడు కాదు. ఉయ్యాలలో ఒక బొమ్మ, టిక్కెట్టుకో చిన్నబొమ్మ ఉచితం కూడా ఇచ్చివుండేవాడు. ఆయన లోపం అదే. తెర ఒక్కటే జనాన్ని పట్టుకోగలదని ఆయన ఎప్పుడూ నమ్మలేదు. ఆ అపనమ్మకంలోంచే పిల్లలకి అంత ఆనందం పుట్టిందన్నది కూడా నిజమే.

1968లో సినిమా విడుదలై ఘనవిజయం సాధించింది. పక్కింటి ముసలావిడగా వేసిన రూత్ గోర్డన్‌కి ఆస్కారు వచ్చింది. కాసిల్‌కి తిట్లతో, శాపాలతో ఉత్తరాలొచ్చాయి. కొద్దికాలానికే మూత్రపిండాల జబ్బుతో ఆస్పత్రిలో పడ్డాడు. సంగీతం సమకూర్చిన కొమెడా 1969లో తలకి తగిలిన దెబ్బతో చనిపోయాడు. జీవితమంతా జనానికి భయం అమ్మినవాడు, ఈ సినిమాకేదో శాపం తగిలిందని తానే భయపడ్డాడు. ఆ తర్వాత 1974లో మూకాభినయానికి పేరుపడ్డ మార్సెల్ మార్సోతో 'షాంక్స్' తీశాడు. దర్శకుడుగా అదే ఆఖరు. 1975లో నిర్మించిన 'బగ్'లో నటించిన హెర్క్యులిస్ అనే బొద్దింకకి పది లక్షల డాలర్ల బీమా చేయించానని ప్రకటించాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు కదా! 1977 మే 31న గుండెపోటుతో పోయాడు. 63 ఏళ్ళు.

'రోజ్‌మేరీస్ బేబీ' ఈసారి చూసినప్పుడు ఒక దృశ్యం జాగ్రత్తగా గమనించండి. మండుటెండలో, నిండు గర్భంతో, రోజ్‌మేరీ వీధిలోని టెలిఫోను గదిలో దూరి, తనని నమ్మే డాక్టరు కోసం ఫోను చేస్తూ వుంటుంది. అద్దం బయట ఒక మనిషి, మనకి వీపు పెట్టి నిలబడతాడు. ఎవరినుంచి పారిపోయి వచ్చిందో ఆ పాత డాక్టరేనేమో అనిపిస్తుంది. ఆమె ఊపిరి బిగబడుతుంది. మన ఊపిరీ బిగబడుతుంది. అతను నెమ్మదిగా ఇటు తిరుగుతాడు. డాక్టరు కాదు. ఫోను కోసం తనవంతు వచ్చేదాకా కాచుకుని నిలబడ్డ ఎవరో నెరిసిన జుట్టు పెద్దమనిషి, చేతిలో చుట్టతో. అతను విలియం కాసిల్.